రెండాటల మేస్త్రి

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని తోటి పనివాళ్ళు రెండాటల మేస్త్రి అని పిలిచేవాళ్ళు. ఏ సినిమా అయినా రెండుసార్లు చూస్తాడని ఆ పేరు. నెలకొకసారి, శుక్రవారం పొద్దుటాటకు పనిలో సెలవడిగి ఒక్కడే వెళ్ళేవాడు. మర్నాడు సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ అదే సినిమాకు వెళ్ళి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు.

"ఇంత సినిమా పిచ్చేంటి మేస్త్రీ నీకు? గేటు దగ్గర టికెట్లు చింపేవాడు కూడా ఇన్నిసార్లు చూడడు" అని సూపర్‌వైజరు ఆట పట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. నిజానికి అతనికి సినిమా అంటే సరదా చచ్చిపోయి చాలా ఏళ్ళయింది.

ఒకప్పుడు ఆ సరదా బాగానే ఉండేది. భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది స్పష్టంగా ఉందా, ఇదా?" అని అడగడమే రోజంతా ఆమె పని. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సినిమా హాళ్ళ ముందు నిలబడి ఏది చూడాలో తేల్చుకోలేకపోతే, అతని ఒక కంటికి చెయ్యి అడ్డంపెట్టి, ఒకసారి ఈ పోస్టరువైపు, ఒకసారి ఆ పోస్టరువైపు తల తిప్పి, "ఇది బాగుందా అండీ, ఇదా?" అని దుకాణం గొంతుతో అడిగేది. దారిన పోయేవాళ్ళు తిరిగి తిరిగి చూసేవాళ్ళు. అతను సిగ్గుతో చచ్చిపోయి ఏదో ఒకటి చెప్పేసేవాడు. తీరా లోపలికి వెళ్ళాక అది బాగోకపోతే నెలంతా ఆ సినిమా పేరు పెట్టి దెప్పేది.

కూతురు పుట్టింది. ఒక్కచోట కాలు నిలవదు, ఏ మూల చూసినా గెంతుతూ ఉండేది కాబట్టి అందరూ పిచ్చుక అని పిలిచారు. పిల్లను చూసుకోవడానికి అతని అత్తగారు వచ్చి వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. భార్యాభర్తలు ఉద్యోగాల నుంచి వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరిక ఉండేది కాదు. అప్పుడు అత్తగారే తీర్పు చెప్పింది: "నెలకో శనివారం మీరిద్దరూ ఎక్కడికైనా పోయిరండి. పిల్ల నా దగ్గరుంటుంది. లేకపోతే మీరు కొన్నాళ్ళకి నీళ్ళబిల్లు గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోరు." అలా రెండో శనివారం సాయంత్రం ఇద్దరిదీ అయింది.

పిచ్చుకకు నాలుగున్నరేళ్ళప్పుడు ఒక రెండో శనివారం పిల్ల ఒళ్ళు కొద్దిగా వెచ్చగా ఉంది.

"ఈ వారం మానేద్దామండీ" అంది భార్య, పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూస్తూ.

"పిల్లలన్నాక ఒళ్ళు వెచ్చబడదా? మందు వేశాంగా. అత్తయ్య ఉంది. ఆ నవ్వుల సినిమా ఈ వారంతో తీసేస్తారట" అన్నాడు అతను. ఎంచుకున్నది అతనే. బయల్దేరదీసిందీ అతనే. హాల్లో దీపాలు ఆర్పేముందు, "ఫోన్ల నోరు నొక్కెయ్. ఈ రెండున్నర గంటలైనా మనవి కావాలి" అన్నదీ అతనే.

తప్పు బస్సెక్కి, తెలియని పెళ్ళింట్లో దిగి, పెళ్ళికొడుకు మేనమామనని బొంకే ఒకడి కథ అది. హాలంతా ఒకటే నవ్వులు. అతనికి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వొచ్చింది. ఇంటర్వెల్లో బయట వేయించిన మొక్కజొన్నల కోసం వరసలో నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే భార్య తలుపు తోసుకుని పరుగెత్తుకొస్తోంది. చెప్పులు లేవు. చేతిలో ఫోను.

"పిచ్చుకకి ఫిట్స్ వచ్చాయటండీ."

పిల్ల సోమవారం తెల్లవారకముందే పోయింది. మెదడువాపు అన్నారు. రెండు రోజులూ ఆసుపత్రి వరండాలో నిలబడి ఏం జరుగుతోందో అర్థం కాకుండానే అయిపోయింది. "ఇంకాస్త ముందు తెచ్చుంటే బతికేదేమో, చెప్పలేం" అని ఒక నర్సు పక్కనున్న నర్సుతో అన్న మాట అతని చెవిన పడింది. ఆ మాట అక్కడే ఇల్లు కట్టుకుంది.

అంత్యక్రియలకు వచ్చిన చుట్టాలు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తెలిసింది, ఎంతసేపటికి ఆసుపత్రికి వెళ్ళారు అని ఒకటికి పదిసార్లు అడిగారు. అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుని అందరికీ ఒకటే చెప్పింది: "తప్పంతా నాదే. పిల్ల అలా కొట్టుకుంటుంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్ చెయ్యడం ఆలస్యం చేశాను." ఆ మాటతో అందరికీ ఒక దారి దొరికింది. అంత వయసొచ్చి ఆ మాత్రం తెలియదా అన్నవాళ్ళున్నారు. పక్కింటివాళ్ళని పిలిచినా సరిపోయేదిగా అన్నవాళ్ళున్నారు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఏడాది తిరక్కుండా, ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత కూతురి గడప తొక్కలేదు.

మేస్త్రి వారం రోజులకే పనిలోకి వెళ్ళాడు. లిఫ్టు నడిచే గొయ్యి చీకటిగా, లోతుగా ఉంటుంది. లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి పై అంతస్తుకు పోతుంటే, ప్రతి అంతస్తులోనూ తలుపు కింద సన్నటి వెలుగు గీత వస్తుంది. ఆ గీతలో అవతల నిలబడ్డవాళ్ళ పాదాల నీడలు కనబడతాయి. పదిహేనేళ్ళుగా చూస్తున్నవే. ఇప్పుడు వాటిలో చిన్న పాదాల నీడలు కనబడితే అతని చెయ్యి ఆగిపోయేది. ఒక్కచోట నిలవని పాదాలు. ఒకసారి నాలుగో అంతస్తు దగ్గర అలాంటి నీడ చూసి, చేస్తున్న పని ఆపేసి లోపలినుంచి గడియ తప్పించి తలుపు తెరిచాడు. అవతల ఎవరూ లేరు. పొడుగాటి వరండా, చివర మూసి ఉన్న ఇళ్ళ తలుపులు, ఎండలో ఆరుతున్న ఒక తడి గుడ్డ. అంతే. తలుపు మూసి, చెమట తుడుచుకుని, మళ్ళీ పానా చేతబట్టాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అసలే చెప్పలేదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అత్తగారు హెచ్చరించినట్టే నీళ్ళబిల్లు గురించి మాత్రం మాట్లాడుకునేవాళ్ళు. మూడేళ్ళు అలా గడిచాక, ఒకరోజు కంచాలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా ఆమే అడిగింది.

"ఈ శనివారం ఏదన్నా సినిమాకి వెళ్దామా అండీ? సాయంత్రమయ్యేసరికి ఈ ఇంట్లో ఊపిరాడట్లేదు."

కాదనడానికి అతనికి నోరు రాలేదు. దొరికిన సినిమాకు వెళ్ళారు. సగం నడిచాక తెర మీద ఆసుపత్రి మంచం వచ్చింది, దాని మీద ముక్కులో గొట్టంతో ఒక చిన్నపిల్ల. పక్కకు చూస్తే భార్య రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా ముడివేసుకుని, తెరవంక కాకుండా ముందు సీటు వీపువంక చూస్తోంది. ఆ రాత్రి మంచినీళ్ళకని లేచి వెళ్ళి వంటింట్లోనే చాలాసేపు ఉండిపోయింది.

అప్పుడు అనుకున్నాడు, ఇకమీద ముందు తను చూడకుండా ఆమెను ఏ సినిమాకూ తీసుకెళ్ళకూడదని. బాగుచేసిన లిఫ్టులో ముందు మేస్త్రి ఎక్కి పైదాకా పోయి వస్తాడు, ఆ తరువాతే జనం. ఇదీ అంతే. శుక్రవారం పొద్దుటాటలో కూర్చుని, జ్వరాలూ ఆసుపత్రులూ ఉన్నాయా, చిన్నపిల్లలకు ఏమైనా అవుతుందా, ముసలమ్మ ఎవరైనా ఫోన్ చేస్తుందా అని చూసేవాడు. ఉంటే, "అది బాగోలేదటోయ్, పనిలో చెప్పుకుంటున్నారు" అని వేరేదానికి మళ్ళించేవాడు. కొన్ని నెలల్లో మూడు సినిమాలు చూస్తేగాని ఒకటి తేలేది కాదు. ప్రేమకథల్లో కూడా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి బిడ్డకు ఒళ్ళు కాలిపోతుంటుందని అప్పుడే అతనికి తెలిసింది.

అన్నిటినీ వడకట్టగలిగాడు గాని, ఇంటర్వెల్‌ను మాత్రం ఏమీ చెయ్యలేకపోయాడు. దీపాలు వెలగగానే అతని తల తనంతట తనే తలుపువైపు తిరిగేది. చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చే భార్య కోసం చూసేది. పక్క సీట్లో ఆమె కూర్చునే ఉండేది. అయినా తలుపు తెరుచుకున్నప్పుడల్లా మళ్ళీ అటే చూసేవాడు. మళ్ళీ దీపాలు ఆరిపోయేదాకా ఇద్దరూ సీట్లలోంచి లేచేవాళ్ళు కాదు.

అలా ఆరేళ్ళు. పిల్ల పోయి తొమ్మిదేళ్ళు.

ఒకరోజు ఆమె దుకాణం నుంచి వస్తూ ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. ఆనాటి నవ్వుల సినిమానే. అభిమానుల కోసం ఒకే ఒక్క రోజు, మధ్యాహ్నం ఆట, మళ్ళీ వేస్తున్నారు.

"ఈసారి నేను ఎంచుకున్నాను" అంది.

అతను కాగితాన్ని ముట్టుకోలేదు. "వద్దు."

"మిగతా సగం చూడాలండీ."

"టీవీలో వందసార్లు వచ్చింది."

"వచ్చినప్పుడల్లా మీరో నేనో కట్టేశాం."

"ఇంకోటేదన్నా చూద్దాంలే. నేను కనుక్కుని చెప్తాను."

ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "కనుక్కోవడం అంటే శుక్రవారం వెళ్ళి చూసి రావడమేగా? దీన్ని ముందు చూడ్డానికి కుదరదు. ఒక్కటే ఆట."

అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? మీరు జోకు రాకముందే నవ్వుతారు. తెర మీదకి ఏ చిన్నపిల్లో రాబోయే ముందు మీ చెయ్యొచ్చి నా చేతి మీద పడుతుంది. మొదట్లో కోపమొచ్చింది. తర్వాత, పోనీలే, మనిషి ఏదో ఒకటి చేసుకోవాలిగా అనుకున్నాను."

ఆ శనివారం ఇద్దరూ వెళ్ళారు. హాలు వేరు, ఊరి ఇంకో చివర. ఆట మొదలుకాకముందే హాలు నిండిపోయింది. అప్పట్లో స్కూల్లో ఉండుంటారు, ఇప్పుడు గడ్డాలు పెంచిన కుర్రాళ్ళు, మాటమాటకూ ముందే అరుస్తున్నారు. అతనికి ప్రతి మాటా గుర్తుంది. ఒక్కసారే చూసిన సగం సినిమా, నిన్న చూసినట్టు. బొంకినవాడు ఇనప్పెట్టెలో దాక్కుంటాడు, పెళ్ళివాళ్ళు వచ్చి దానిమీదే కూర్చుని పేకాట మొదలుపెడతారు. అప్పుడు ఈ ఘట్టానికే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇప్పుడు హాలంతా నవ్వుతుంటే పక్కకు చూశాడు. భార్య తెరను చూడటం లేదు. తన కుడిచేతిని వెల్లకిలా తిప్పి, ఖాళీ అరచేతినే చూస్తోంది. తెర మీది వెలుగు ఆ చేతిలో పడుతూ పోతూ ఉంది.

దీపాలు వెలిగాయి. అతని తల తలుపువైపు తిరిగింది. కాళ్ళు కూడా లేచాయి. "గాలాడట్లేదు, ఇప్పుడే వస్తా" అని చెప్పాడు గాని రాలేకపోయాడు. జనాన్ని తప్పించుకుంటూ బయటకు పోయి, బళ్ళు నిలిపేచోట మెట్ల మీద కూలబడ్డాడు. లోపల గంట మోగింది. వెనక్కి తిరిగి చూస్తే భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. పరుగెత్తుకు రాలేదు. ఒక క్షణం అతనివంక చూసి, మళ్ళీ లోపలికే వెళ్ళిపోయింది.

గంటకు పైగా ఎండలో అక్కడే కూర్చున్నాడు. లోపలి నవ్వులు గోడలోంచి గుడ్డ కప్పి నొక్కినట్టు వినబడేవి. బళ్ళ వరసల మధ్య ఏదో గెంతినట్టనిపిస్తే లేచి చూశాడు. ఏమీ లేదు. తిరిగొచ్చి కూర్చున్నాడు. ఇంకోసారి లేవలేదు.

జనమంతా పోయాక ఆమె వచ్చి పక్కన, అదే మెట్టు మీద కూర్చుంది.

"ఏమైంది చివరికి?" అన్నాడు.

"ఏమీ లేదు. పెట్టెలోంచి బయటపడతాడు. ఓ రెండు కొట్లాటలు. పాట ఒకటి ఎందుకొచ్చిందో తెలీదు. పెళ్ళివాళ్ళు క్షమించేస్తారు. మొదటి సగంలో ఉన్నంత కూడా లేదండీ. మధ్యలో నాకు నిద్రొచ్చింది." పైట చెంగుతో మెడ తుడుచుకుంది. "తొమ్మిదేళ్ళు దాంట్లో ఏదో ఉందనుకున్నాను."

అతను ఖాళీ అయిన బళ్ళ వరసలవంక చూస్తూ కూర్చున్నాడు.

"మీకో మాట చెప్పాలి. చెప్పాక మీరేమన్నా సరే." ఆమె గొంతు దుకాణంలో మాట్లాడినట్టు నిలకడగానే ఉంది. "ఆ రోజు ఇంటర్వెల్‌కి ముందే అమ్మ ఫోన్ చేసింది. పెట్టె మీద పేకాట ఆడుతున్నప్పుడు. నోరు నొక్కేశాం కాబట్టి మోగలేదు, నా చేతిలో వెలిగింది. చూశాను. అమ్మ. పిల్ల అన్నం తినట్లేదనో, పాలెక్కడ పెట్టావనో అడుగుతుందిలే అనుకున్నాను. మీరు అంతలా నవ్వుతున్నారు, ఎన్నాళ్ళకో. లేచి బయటకెళ్తే మీ నవ్వు ఆగిపోతుందని బోర్లా తిప్పి పెట్టేశాను. మూడుసార్లు వెలిగింది. అమ్మ ఆలస్యం చెయ్యలేదు. చేసింది నేను."

బళ్ళు కాపలా కాసే మనిషి వచ్చి, "అందరూ పోయారమ్మా, గేటు వేస్తాను" అన్నాడు. ఆమె తలూపింది గాని ఇద్దరూ కదల్లేదు.

"నాకు తెలుసు" అన్నాడు అతను.

ఆమె తిరిగి చూసింది.

"ఆసుపత్రిలో కాగితాల మీద సంతకం పెడుతూ నీ ఫోన్ నా చేతికిచ్చావు. మీ అన్నకి చెయ్యమని. అప్పుడు చూశాను. మూడు ఉన్నాయి. మొదటిది దీపాలు వెలగడానికి ఇరవై నిమిషాల ముందు."

"తెలిసీ ఒక్కమాట అనలేదా?"

"ఏమనను? మానేద్దామని నువ్వు అన్నావు. లాక్కొచ్చింది నేను. ఫోన్ నోరు నొక్కమన్నది నేను. నిన్ను అంటే నన్ను నేను తప్పించుకున్నట్టుంటుంది."

ఆమె అప్పుడు ఏడ్చింది. తొమ్మిదేళ్ళలో అతని ఎదుట ఏడవడం అదే మొదలు. అతను చెయ్యి వెయ్యబోయి, ఎక్కడ వెయ్యాలో తెలియక మెట్టు మీదే ఉంచుకున్నాడు. చీకటి పడకముందే ఇల్లు చేరారు. దారిలో ఆమె అన్న మాట ఒక్కటే: "అమ్మ దగ్గరికి వెళ్దాం."

మర్నాడు ఆదివారం పొద్దున్నే బస్సెక్కారు. వెళ్ళేసరికి అత్తగారు కొడుకు ఇంటి వెనక, గోడ నీడలో చిన్న పీట వేసుకుని, ఉతికిన దుప్పట్లు మడతలు పెడుతోంది. బాగా చిక్కిపోయింది. ఒక కంటికి పొర వచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే కూతురికి కూడా ఆ సంగతి తెలియదు.

"చెప్పాపెట్టకుండా వచ్చారేంటి? ఎవరికేమైంది?" అని కంగారుగా లేవబోయింది.

కూతురు ఆమె ముందు నేల మీద కూర్చుని, నిన్న మెట్ల మీద చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. "అమ్మా, అందరితో తప్పు నీదేనని ఎందుకు చెప్పుకున్నావు?" అంది చివర.

ముసలావిడ చేతిలో దుప్పటిని ఇంకో మడత పెట్టింది. "నీ మొహం చూశాను. ఆ ఒక్కమాట నీ మీద పడితే నువ్వు బతకవనిపించింది. నాకేముంది, నేను కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని అనుకున్నాను. ఇదిగో, తొమ్మిదేళ్ళ నుంచీ చాపుకునే ఉన్నాను" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆయనకి చెప్పావా మరి?"

"ఆయనకి ముందే తెలుసు. ఆసుపత్రిలోనే చూశారట."

అత్తగారు అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ అల్లుడివైపు, బాగున్న కంటిని తిప్పి చూసింది. కోపం లేదు ఆ చూపులో. అర్థం కానిదేదో అర్థం చేసుకోవాలన్నట్టు చూసింది.

"మరి అందరూ నన్ను ఆడిపోసుకుంటుంటే మీరెందుకు ఊరుకున్నారు బాబూ?"

అతను నోరు తెరిచాడు. భార్యను కాపాడుకోవడం కోసమేనని చెప్పబోయి ఆగిపోయాడు. సినిమాలన్నీ ముందే చూసి వడపోసినవాడు, ఈ ఇంటి వెనక పీట మీద కూర్చున్న మనిషి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. చుట్టాలు ఆమెను అంటున్నప్పుడు, తనను అనడం లేదు కదా అని ఒక మూల ఊపిరి పీల్చుకున్న సంగతి అతనికొక్కడికే తెలుసు. నేల మీద కూర్చున్న భార్య కూడా తలెత్తి జవాబు కోసం అతనివంకే చూస్తోంది.

"తప్పయింది అత్తయ్యా" అన్నాడు.

ముసలావిడ ఒడిలోని దుప్పటి పక్కన పెట్టి, ఇంకొకటి తీసి, ఒక కొస అతనివైపు చాచింది. "ఇది పెద్దది. నా ఒక్కదానివల్ల కాదు. అటు పట్టుకోండి" అంది. అతను వెళ్ళి పట్టుకున్నాడు.